చిట్టికి, జాలహళ్ళి నుంచి

జాలహళ్ళి, బెంగళూరు
ఆదివారం

చి. చిట్టికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని తలుస్తాను. తలచడమే గానీ తెలిసే దారి లేదు. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. ఆ మళ్ళీ ఇంతవరకూ రాలేదు. పని ఒత్తిడి ఉంటుంది, నేను తప్పు పట్టడం లేదు. ఉత్తరమైతే తీరిక దొరికినప్పుడు చదువుకుంటావని కాగితం తీశాను. ప్రత్యేకించి విశేషమేమీ లేదు, ఊరికే రాస్తున్నాను.

వంటింట్లో కుళాయి మార్పించాం. అమ్మ బీపీ అదుపులోనే ఉంది. కింద వాటాలోకి అనంతపురం వాళ్ళు వచ్చారు, మంచివాళ్ళే, దిగిన రోజే ఓళిగలు, అదే బొబ్బట్లు, పంపించారు. శనివారం భజన సాగుతోంది. మృదంగం కుడివైపు చర్మం పోయింది, మీ చెన్నై మైలాపూర్‌లో మృదంగాలు బాగుచేసే ఆ ముసలాయన ఇంకా పని చేస్తున్నాడేమో వీలైతే కనుక్కో.

మొన్న విజయ పిన్ని ఫోన్ చేసింది. నిన్ను నుంగంబాక్కంలో ఏదో సల్సా డాన్సు పార్టీలో కీర్తి చూసిందట. అంతే, అంతకు మించి నాకేమీ తెలియదు. నెల్లూరు వాళ్ళ సంబంధం వ్యవహారం తర్వాత ఆఫీసు, గది తప్ప నీకు మూడో చోటు లేకుండా పోయిందని మేం దిగులు పడుతుంటే, 33 ఏళ్ళ వయసులో కొత్త విద్య మొదలుపెట్టావంటే నాకు సంతోషం కాక ఏముంటుంది? అమ్మ సంగతి ఇంకా తేలలేదు. "ఎవరెవరి చేతులో పట్టుకోవాలట కదండీ" అంది. సిటీ బస్సులో కమ్మీ కూడా ఊరందరూ పట్టుకునేదే కదా అన్నాను. ఆ పోలిక ఆవిడకు నచ్చలేదు. రెండు పూటలు నాకు కాఫీ చల్లగా వచ్చింది.

పిన్ని ఇంకో మాట కూడా అన్నట్టుంది. సరిగ్గా వినబడలేదు. దాన్ని అలా ఉంచు.

ఈ వంకతో నేనూ ఆ సంగీతం వింటున్నాను. చెవికి ముందు గోలగానే ఉంది, ఒప్పుకుంటాను. ఇత్తడి బాకాలు, పియానో, రకరకాల డోళ్ళు, అన్నీ ఒకేసారి మాట్లాడతాయి. కాసేపయ్యాక లెక్క దొరికింది. మీ క్లాసులో 1-2-3, 5-6-7 అంటారు కదా, 4 దగ్గర, 8 దగ్గర అడుగు పడదు. అది మన ఆదితాళంలో చక్కగా కూర్చుంటుంది చూడు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, ఇవి మూడడుగులు. మధ్యవేలు దగ్గర ఆగు. మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, ఇంకో మూడడుగులు. చివరి తిప్పు దగ్గర ఆగు. ఆఫీసులో కూర్చుని బల్ల కింద వేసుకున్నా ఎవరికీ తెలియదు.

అసలు సంగతి ఏమిటంటే ఆ 4 దగ్గర ఖాళీ లేదు. క్లావే అని రెండు కర్రముక్కలు ఒకదానితో ఒకటి కొడతారు. ఎనిమిదింటికి అయిదు దెబ్బలు. మొదటిది 1 మీద, రెండోది 2కీ 3కీ నడుమ, మూడోది సరిగ్గా 4 మీద, తర్వాతవి 6, 7 మీద. కొన్ని పాటల్లో దీన్నే తిరగేసి ముందు రెండు, వెనక మూడు వాయిస్తారు. కాంగా అనే పొడుగు డోలు మీద గట్టిగా విచ్చుకుని మోగే దెబ్బ కూడా 4 దగ్గరా 8 దగ్గరా పడుతుంది, రెండేసి సార్లు. నీ కాలు ఆగినచోట డోలు మాట్లాడుతుందన్నమాట. కొత్తవాళ్ళు అక్కడ కంగారుపడి ఇంకో అడుగు వేసేసి పాటకంటే ముందుకు పోతారు. భజనలో మన సుబ్బారావుగారు చేసేది అదే, ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా వినడు.

దీని పుట్టుక కూడా చదివాను. క్యూబా పాటలు న్యూయార్క్ చేరి, అక్కడి ప్యూర్టోరికో వాళ్ళ చేతుల్లో, జాజ్ సావాసంలో కొత్త రూపం కట్టాయి. 1964లో జానీ పచేకో, జెర్రీ మసూచి అనే ఇద్దరు కలిసి ఫానియా అని రికార్డుల కంపెనీ పెట్టారు, తర్వాతి పదేళ్ళలో సల్సా పేరు దాంతోనే ఊరూరా పాకింది. సెలియా క్రూజ్ అని ఒకావిడ పాడింది వింటే ఒళ్ళు జలదరిస్తుంది, ఏం గొంతు! ఆవిడ 1960లో క్యూబా వదిలి వెళ్ళింది. 1962లో తల్లి పోతే ఆఖరిచూపుకు కూడా అక్కడి ప్రభుత్వం రానివ్వలేదు. అది చదివి నీకు ఫోన్ చేశాను. నువ్వు మీటింగ్‌లో ఉన్నావు.

ఇక ఇది అమ్మకు చెప్పకు. కింద వాటా కుర్రాడు మల్లేశ్వరంలో సల్సా నేర్చుకుంటున్నాడు. మొదటి క్లాసు ఎవరికైనా ఫ్రీ అన్నాడు. రిటైరైనవాడికి సాయంత్రాలు ఏం పనులుంటాయి? కరెంటు బిల్లులో తేడా ఉంది, కనుక్కుని వస్తానని చెప్పి అతనితో మెట్రో ఎక్కాను.

మందుల షాపు పైన రెండో అంతస్తు. ఒక గోడంతా అద్దం. నాలాంటి జుట్టువాడు ఇంకొకడు లేడు. నేర్పే అమ్మాయిది హుబ్బళ్ళి, నీకంటే చిన్నదే ఉంటుంది. మగవాళ్ళను ఒక వరస, ఆడవాళ్ళను ఒక వరస నిలబెట్టి లెక్క మొదలుపెట్టింది. మగవాడు 1కి ఎడమ కాలు ముందుకు, అదే అంకెకు ఆడమనిషి కుడి కాలు వెనక్కి. 5కి మగవాడు కుడి కాలు వెనక్కి, ఆవిడ ఎడమ కాలు ముందుకు. ఒక్కణ్ణే చేసినంతసేపు నాకు దివ్యంగా వచ్చింది. తాళం తెలిసినవాణ్ణి కదా, కొంచెం గర్వం కూడా వచ్చింది. తర్వాత జంటలుగా నిలబడమంది. అప్పుడు నిజంగానే కాలూ చెయ్యీ ఆడలేదు.

నా ఎదుట పంటి డాక్టరు చదువుతున్న పిల్ల. నేను చూపు నేలమీదినుంచి ఎత్తడం లేదు. ఆ పిల్లే "అంకుల్, కిందికి చూస్తే నాకు మీ తల తగులుతోంది" అంది. తల ఎత్తితే అడుగు తప్పుతోంది, అడుగు చూసుకుంటే తల తగులుతోంది. అడుగడుక్కీ "సారీ అమ్మా" అంటున్నాను. ఇంతలో "చేంజ్" అని కేక, మగవాళ్ళంతా పక్క మనిషి దగ్గరికి జరగాలి. రెండో ఆవిడ నా బొటనవేలు చూపించి, దాంతో బిగించకండి సార్, నేను తిరిగేటప్పుడు మణికట్టు పట్టేస్తుంది అంది. వేళ్ళు తగిలించి వదిలెయ్యాలట, పట్టుకోకూడదట. అడుగులు చిన్నవి వెయ్యమని హుబ్బళ్ళి అమ్మాయి ఒకటే పోరు. నేనేమో జాలహళ్ళి క్రాసులో రోడ్డు దాటుతున్నట్టు వేస్తున్నానట, ఆ పిల్ల అన్న మాటే.

అన్నిటికంటే కష్టం ఏమిటో తెలుసా? నడిపించేది మగవాడు కాబట్టి, తర్వాత ఏం చెయ్యాలో వాడికి ముందే తోచాలి. అవతలి మనిషి తిరగాల్సిన అంకె రాకముందే నా చెయ్యి లేవాలి. నాకేమో ఆ అంకె వెళ్ళిపోయాక గుర్తొచ్చేది. బీఈఎల్ ఫ్యాక్టరీలో అన్నేళ్ళు టెస్టు బెంచీ దగ్గర నిలబడ్డవాణ్ణి, మీటరు చూసి నిర్ణయం చెప్పడం అలవాటు. ఇక్కడ మీటరు లేదు, చూసే టైమూ లేదు.

చివర్లో దీపాలు కొంచెం తగ్గించి పాటలు పెట్టారు, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు ప్రాక్టీసు చేసుకోవచ్చన్నారు. మరుక్షణం మగవాళ్ళంతా గోడకు చేరారు. ఒకడికి ఫోన్ వచ్చింది, ఒకడికి లేసు ఊడింది, నాకు దాహం వేసింది. ఆడవాళ్ళు అటు గోడ దగ్గర. వాళ్ళలో ఒంగోలు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒకావిడ ఉంది, యాభై దాటి ఉంటాయి, కాటన్ చుడీదారు. పాట సగమైంది, ఎవరూ కదల్లేదు. ఆవిడ నేరుగా హాలు దాటి వచ్చి, నా పక్కనున్న ఆడిటరుగారితో "రండి సార్, నాకూ పెద్దగా రాదు" అంది. పాట అయ్యేదాకా ఇద్దరూ ఆ ఒక్క మొదటి అడుగే వేశారు, తిరగడాలూ గిరగడాలూ ఏమీ లేవు. ఆడిటరుగారు నవ్వుతూనే ఉన్నాడు.

మెట్లు దిగుతుంటే ఆడిటరుగారిని అడిగాను, మరి మీరే ఎందుకు వెళ్ళి పిలవలేదని. "ఏం పిలుస్తాం సార్, పాట నాలుగు నిమిషాలు, నాకు వచ్చిన అడుగులు మూడు. రెండో నిమిషానికి సరుకు అయిపోతుంది. మిగతా రెండు నిమిషాలు ఆవిడ మొహం ఎలా చూడాలి?" అన్నాడు. ఆ మాట నేను మెట్రోలో ఇంటిదాకా ఆలోచించాను.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మాటవరసకు ఎక్కడైనా ఒక అమ్మాయి, నీ గురించి కాదు, సాయంత్రమంతా కుర్చీలో కూర్చుని, ఎవరూ డాన్సుకు పిలవలేదని లేచి ఆటో ఎక్కేసిందనుకో. ఆ అమ్మాయికి రాదు కాబట్టి పిలవలేదని అనుకోకూడదు. ఎదుటి గోడ దగ్గర దాహం లేకుండా నీళ్ళు తాగుతున్నవాళ్ళు ఎందరున్నారో ఆ అమ్మాయి లెక్కపెట్టి ఉండదు. పైగా మగవాళ్ళే పిలవాలని రూలు లేదు, ఎవరు ఎవరినైనా అడగొచ్చు. కాదంటే కాదంటారు, అందులో అవమానం లేదు, ఇంకో పాట వస్తుంది.

లెక్చర్ ఇవ్వనని అనుకుని మొదలుపెట్టాను కాబట్టి నాలుగు ముక్కలు చెప్పి ఆపేస్తాను. రబ్బరు అడుగున్న వాకింగ్ షూ వేసుకుని డాన్సులో తిరక్కు. షూ నేలకు పట్టేసి ఒళ్ళు మాత్రం తిరుగుతుంది, మోకాలు మెలిపడుతుంది. నీది ఇంటర్‌లో స్కూటీ మీంచి పడ్డ మోకాలు, మరిచిపోకు. డాన్సు చెప్పులకు అడుగున మెత్తటి స్వెడ్ తోలు వేసేది అందుకే. హీలు ఎత్తు ఇప్పుడే వద్దు. జడ ముడి వేసుకో, గిర్రున తిరిగితే ఎదుటివాడి కంట్లో కొడుతుంది. ఉంగరాలు, గాజులు తీసి పర్సులో పెట్టుకో, మళ్ళీ పర్సు అక్కడే మరిచిపోకు. ఎవడైనా చెయ్యి మరీ మెలిపెడితే నొప్పి అని చెప్పు. వినకపోతే పాట మధ్యలోనే థాంక్యూ చెప్పి వచ్చెయ్. మర్యాదకు పోయి భుజం పోగొట్టుకోకు. పార్టీలో పాఠాలు చెప్పేవాడికి దూరంగా ఉండు, క్లాసుకు డబ్బు కట్టింది వాడికి కాదు. ఖాళీ కడుపుతో వెళ్ళకు, బిర్యానీ తినీ వెళ్ళకు, రెండు ఇడ్లీలు చాలు. తిరిగి వచ్చేటప్పుడు ఆటో నంబరు కీర్తికి పంపు, నాకు పంపినా సరే. విటమిన్ డి మాత్రలు వేసుకుంటున్నావా?

ఇంకొకటి. ముందుకో వెనక్కో దిశ మార్చే అడుగు కొందరు 1 మీద నేర్పుతారు, కొందరు 2 మీద. ఈ 2 పద్ధతిని న్యూయార్క్‌లో ఎడ్డీ టోరెస్ అనే ఆయన పాఠంగా మలిచి నేర్పాడు. మీ క్లాసులో ఒకటి, ఆ నుంగంబాక్కం పార్టీలో ఇంకోటి అయితే ఎవరికైనా తికమకే. నీ కాళ్ళలో లోపం అనుకోకముందు అది కనుక్కో.

సరే, చెప్పేస్తాను. పిన్ని అన్న రెండో మాట నాకు బాగానే వినబడింది. డాన్సు క్లాసు మానేశావట. ఆ రోజు నుంచే నీ ఫోన్లు కూడా తగ్గాయని అమ్మ లెక్క కట్టింది. మానడం నీ ఇష్టం, ఇష్టం లేని పని ఎవరి కోసమూ చెయ్యక్కర్లేదు. ఇష్టం ఉండి మానేస్తేనే నాకు మింగుడు పడదు. ఫీజు మూడు నెలలకు కట్టి ఉంటే మిగిలిన క్లాసులు వేరే బ్యాచ్‌లో కలుపుకుంటారేమో అడుగు, డబ్బు ఊరికే వదలకు.

వచ్చే నెల రమణ బాబాయి వాళ్ళ గృహప్రవేశానికి లాల్‌బాగ్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాం. పెరుంగుడి వాళ్ళ ఇంట్లో దిగుతాం, నీ గదికి రాం, సర్దుకోవాలని హైరానా పడకు. గోంగూర పచ్చడి, కందిపొడి తెస్తోంది అమ్మ, డబ్బాలు కడిగి ఉంచు. నీ క్లాసు ఏ రోజు, ఎన్నింటికో రాయి. నేను వస్తే నీకు ఇబ్బందైతే కింద టీ కొట్టు దగ్గరే కూర్చుంటాను.

ఇట్లు
నాన్న

తా.క.: నీ చెప్పుల సైజు 5నా, 6నా అని అమ్మ అడగమంటోంది. ఎందుకంటే చెప్పదు. ఈ ఉత్తరం నేను బల్ల మీద వదిలి స్నానానికి వెళ్ళినప్పుడు చదివినట్టుంది, కరెంటు బిల్లు సంగతి మాత్రం ఇంకా ఎత్తలేదు.