చెవి, ముక్కు జబ్బుల పాత మందులనూ పరీక్షకు పెట్టాలి

సంపాదకుడు గారికి,

పుట్టు చెవుడున్న పిల్లలకు జన్యుచికిత్సతో వినికిడి వచ్చిందంటూ మీరు వేసిన కథనం చదివాను. 2024 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో, ఓటీఓఎఫ్ అనే జన్యువులో లోపమున్న ఆరుగురు పిల్లలకు చికిత్స చేస్తే ఐదుగురు వినగలిగారు. ఒక తరం కిందట ఊహకైనా అందని సంగతి అది. దానికి మొదటి పేజీ దక్కడం న్యాయమే. నా బాధ వేరు. చెవికో ముక్కుకో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లలో ఆ జన్యులోపం ఉన్నవాళ్లు బహు కొద్దిమంది. మిగతావాళ్లమంతా చెవిలో హోరు, కళ్లు తిరగడం, పిల్లల చెవిపోటు, ముక్కు దిబ్బడ, ఎప్పటికీ మానని సైనస్ లాంటివాటితో వెళ్తాం. మాకు రాసే మందులు నిజంగా పనిచేస్తాయా అని తేల్చే పరిశోధనలు కూడా జరుగుతున్నాయి. వాటి ఊసు మాత్రం పత్రికల్లో కనపడదు. వాటిలో చాలావాటికి వచ్చిన జవాబు “తేడా ఏమీ లేదు” అని కావడమే అందుకు కారణమనుకుంటాను.

నేను మెనియర్స్ వ్యాధితో ఏళ్ల తరబడి బతుకుతున్నదాన్ని. ఉన్నట్టుండి గది గిర్రున తిరుగుతుంది, వాంతులవుతాయి, ఒక చెవి బిగుసుకుపోయి హోరెత్తుతుంది. గంటల తర్వాత సర్దుకుంటుంది. ఆ తర్వాత నెలల తరబడి జబ్బే లేనట్టు ఉంటుంది. మరీ భరించలేనప్పుడే కదా ఎవరమైనా డాక్టరు దగ్గరికి పరిగెత్తేది! అక్కణ్నుంచి మందు వేసుకున్నా, వేసుకోకపోయినా కొన్నాళ్లు తెరిపి వస్తుంది. వేసుకుంటే ఆ పేరు మందుకు దక్కుతుంది. రాసిన డాక్టరుకూ అలాగే అనిపిస్తుంది, ఎందుకంటే ఆయన కళ్లెదుట కనపడుతున్నదీ అదే. ఇందులో ఎవరి మోసమూ లేదు.

ఈ జబ్బుకు బీటాహిస్టిన్ అనే మాత్రను దశాబ్దాలుగా వాడుతున్నారు. జర్మనీలో 221 మంది రోగులను మూడు జట్లు చేసి 9 నెలల పాటు పరిశీలించారు. ఒక జట్టుకు రోజుకు 48 మిల్లీగ్రాములు, ఇంకో జట్టుకు దానికి మూడింతలు, మూడో జట్టుకు చూడటానికి అచ్చం అలాగే ఉండే మందు లేని మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. మూడు జట్లలోనూ తలతిరుగుడు తగ్గింది. ఉత్త మాత్ర మింగినవాళ్లకూ మిగతావాళ్లతో సమానంగా తగ్గింది. అంతకు ఎంతో ముందే, 1981లో, డెన్మార్క్ వైద్యులు ఆపరేషన్‌నే ఇలా పరీక్షించారు. 30 మందిలో సగం మందికి లోపలి చెవిలోని ద్రవపు సంచికి శస్త్రచికిత్స చేసి, మిగతా సగం మందికి చెవి వెనక ఎముకను తొలిచి ఆ సంచిని ముట్టుకోకుండా వదిలేశారు. రెండు జట్లలోనూ ఎక్కువమంది కోలుకున్నారు. ఆ లెక్కల మీద తర్వాత చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. మంచిదే, వాదించుకోవడానికి కొలిచిన లెక్కలంటూ ఉన్నాయి.

ఇది చదివి ఎవరూ తమ మాత్రలను సొంతంగా ఆపేయకూడదని మనవి. ఆ ప్రశ్న డాక్టరును అడగాలి, జవాబు ఆయనతో కూర్చుని తేల్చుకోవాలి. అలా అడగాలంటే ముందు ఇలాంటి పరిశోధన ఒకటుందని రోగికి తెలియాలి కదా.

పరీక్షకు పెడితే ప్రతిదీ ఓడిపోతుందని కూడా కాదు. పడుకుని పక్కకు తిరిగితే క్షణాల పాటు కళ్లు తిరిగే జబ్బు ఒకటుంది. లోపలి చెవిలోని సన్నటి సున్నపు రేణువులు ఉండాల్సిన చోటు నుంచి జారి, ఒంటి తూకాన్ని కనిపెట్టే అర్ధచక్రాకార నాళాల్లోకి వెళ్లడం వల్ల అది వస్తుంది. తలను ఒక వరుసలో తిప్పి ఆ రేణువులను మళ్లీ వెనక్కి చేర్చే పద్ధతిని జాన్ ఎప్లే అనే అమెరికన్ వైద్యుడు కనిపెట్టి, 1992లో వివరంగా ప్రచురించారు. మందు లేదు, కత్తి లేదు. అందుకేనేమో తోటివాళ్లు చాలాకాలం నమ్మలేదు. పైగా ఇది కూడా దానంతటదే తగ్గిపోయే జబ్బే, కాబట్టి అనుమానం సబబే. 2006లో వెలువడిన ఒక ప్రయోగంలో కొందరికి జబ్బు ఉన్న చెవికి, ఇంకొందరికి బాగున్న చెవికి ఆ వరుస చేయించారు. 24 గంటల తర్వాత చూస్తే మొదటి జట్టులో 35 మందికి 28 మందిలో, రెండో జట్టులో 31 మందికి ముగ్గురిలో మాత్రమే తలతిరుగుడు పోయింది. ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఏం కావాలి?

ముక్కు దూలం వంకరకు చేసే ఆపరేషన్ సంగతీ అంతే. ఇన్నేళ్లుగా అన్ని లక్షల మందికి చేస్తున్నా, చేయకుండా స్ప్రేలతో సరిపెట్టినవాళ్లతో పోల్చి చూసిన పెద్ద ప్రయోగం 2019 దాకా లేదు. నెదర్లాండ్స్‌లో 203 మందితో ఆ పని చేశారు. తర్వాత బ్రిటన్‌లో 378 మందితో చేసి 2023లో ప్రచురించారు. శ్వాస, నిద్ర, ముక్కు దిబ్బడ లాంటివాటిని రోగులే 110కి లెక్కేసి మార్కులు వేశారు, ఎక్కువ వస్తే ఎక్కువ బాధ అని. ఆరు నెలలకు ఆపరేషన్ జట్టు సగటు సుమారు 20, స్ప్రేల జట్టు సగటు సుమారు 40. ఈ ఆపరేషన్ వృథా ఖర్చని కోత పెట్టాలనుకునేవాళ్ల నోరు మూయించడానికి ఇప్పుడు రోగి చేతిలో ఆధారం ఉంది. పరిశోధన ఎప్పుడూ రోగి నుంచి ఏదో ఒకటి లాక్కోవడానికే అనుకోవడం సరికాదు.

పిల్లల విషయం ఇంకా ముఖ్యం. కర్ణభేరి వెనక జిగురు నీరు నిలిచి పిల్లలకు వినికిడి మందగిస్తే, వారం రోజులు స్టిరాయిడ్ మాత్రలిస్తే పోతుందేమోనని 2018లో లాన్సెట్‌లో వచ్చిన ప్రయోగంలో చూశారు. 389 మంది పిల్లలు. ఐదు వారాలకు మాత్రల జట్టులో 40 శాతం మందికి, ఉత్త మాత్రల జట్టులో 33 శాతం మందికి వినికిడి బాగుపడింది. ఆ కాస్త తేడా యాదృచ్ఛికంగా వచ్చి ఉండదని గట్టిగా చెప్పలేం. ఏమీ ఇవ్వకుండానే మూడింట ఒకరు బాగుపడటం నన్ను ఆలోచనలో పడేసింది. పిల్లవాడికి ఆ నీరు కొన్నాళ్లలో దానంతటదే పోవచ్చనీ, మూడు నెలలు గమనించాక పరీక్ష చేసి నిర్ణయించవచ్చనీ తల్లిదండ్రులకు ముందే తెలిస్తే ఎంత భయం తప్పుతుంది! ముక్కు దిబ్బడకు మింగే ఫినైల్‌ఎఫ్రిన్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. అది పనిచేస్తుందనడానికి ఆధారం లేదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల కమిటీలో 16 మందికి 16 మందీ తేల్చేశారు. దశాబ్దాలు అమ్మాక!

ఇంకా తేలనిది మరొకటి ఉంది. ఒక్కసారిగా, మూడు రోజుల లోపే, ఒక చెవి వినపడకుండా పోయే జబ్బు. దీనికి స్టిరాయిడ్లు ఇస్తారు. ఆ అలవాటుకు పునాది 1980లో కొద్దిమంది మీద జరిగిన ప్రయోగం. అందులో స్టిరాయిడ్ తీసుకున్నవాళ్లలో 61 శాతం, తీసుకోనివాళ్లలో 32 శాతం కోలుకున్నారు. ఆ తర్వాత ఉత్త మాత్రతో పోల్చి ఆ పునాదిని గట్టిపరచిన పెద్ద ప్రయోగం రానేలేదు. 2024లో జర్మనీ వైద్యులు 325 మందితో చేసిన ప్రయోగంలో మోతాదు బాగా పెంచితే మేలు పెరగలేదు, దుష్ఫలితాలే పెరిగాయి. అదీ తక్కువ మోతాదుతో పోల్చినదే, ఉత్త మాత్రతో కాదు. ఇప్పటికి మనకున్న దారి ఇదే కనుక, ఇలా జరిగితే చెవిలో గుబిలి అనుకుని రోజులు గడపకుండా వెంటనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కానీ నలభై ఏళ్లకు పైగా ఒక ప్రశ్నను ఇలా వదిలేయడం నాకు మింగుడుపడటం లేదు.

ఎందుకు వదిలేశారంటే, పాత చవక మందు మీద పరీక్ష చేస్తే ఏ కంపెనీకీ లాభం లేదు. నేను పైన చెప్పిన బీటాహిస్టిన్, ముక్కు దూలం, పిల్లల స్టిరాయిడ్, మోతాదుల ప్రయోగాలన్నీ ఆయా దేశాల ప్రజాధనంతో జరిగినవే. ముక్కులో కండ పెరిగినవాళ్లకు ఇచ్చే కొత్త ఇంజెక్షన్ల మీద కంపెనీలే పెద్ద ప్రయోగాలు చేయిస్తున్నాయి, చేయించనివ్వండి. పాతవాటి బరువు ప్రభుత్వాలు మోయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వినికిడి లోపానికి చికిత్సో, సహాయమో అవసరమైనవాళ్లు 43 కోట్లకు పైనే. ఇంతమంది వాడే మందులను తేల్చడానికి అయ్యే ఖర్చు, తేల్చకుండా వాడటానికి అయ్యే ఖర్చు ముందు ఏపాటిది?

మిమ్మల్ని అడిగేది ఒకటే. చెవి, ముక్కు చికిత్స మీద వార్త వేసినప్పుడల్లా ఎంతమంది మీద చేశారు, దేనితో పోల్చారు, ఖర్చు ఎవరు పెట్టారు అన్న మూడు సంగతులు అందులో ఉండేలా చూడండి. పోల్చిన జట్టే లేకపోతే ఆ మాట మొదటి పేరాలోనే రాయండి. “పనిచేయలేదు” అని తేలిన ప్రయోగానికీ, “పనిచేసింది” అన్నదానికి ఇచ్చినంత చోటు ఇవ్వండి. వాటిలో పాల్గొన్న రోగులు తమ జబ్బును, తమ నెలలను ఆ ప్రశ్నకు ఇచ్చారు. జవాబు ఏదైనా అది మా అందరికీ చేరాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు