మామిడి క్రేట్లూ, న్యూటన్ మూడో నియమమూ

రేయ్ మామా,

ఎట్లా ఉన్నావు? నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. బేనీషా (బంగినపల్లి) మామిడి కోతల్లో పడి జవాబు రాయలేకపోయాను.

పోయిన వారం దామలచెరువు మండీకి కాయలు తోలాం. క్రేట్లు చాలక అంచు దాటేలా కుప్పగా నింపేశాం. దించి చూస్తే కింది వరుసల్లో కాయలు నలిగిపోయి ఉన్నాయి. ధర తెగ్గోశారు. మనసు చివుక్కుమంది మామా, ఏడాది కష్టం అది.

ఆ రాత్రే మా అన్న కూతురు ఫిజిక్స్ నోట్సు తెచ్చింది. అందులో న్యూటన్ మూడో నియమం: ప్రతి చర్యకూ సమానంగా, ఎదురు దిశలో ప్రతిచర్య ఉంటుందని. "చిన్నాయనా, క్రేటు బరువు చర్య, నేల పైకి నెట్టేది ప్రతిచర్య, అంతేనా?" మనమూ అట్లాగే బట్టీ పట్టాం, గుర్తుందా? అది తప్పు.

వాకిట్లో మూడు క్రేట్లు పేర్చి చూపించాను. ఒక్కోటి 20 కిలోలు, అంటే సుమారు 200 న్యూటన్లు. నడిమిది కిందిదాన్ని 400తో నొక్కుతుంది, కిందిది నడిమిదాన్ని అదే 400తో పైకి నెడుతుంది. అదీ చర్య, ప్రతిచర్యల జంట. రెండూ వేరువేరు క్రేట్ల మీద పనిచేస్తాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. నడిమి క్రేటు కదలకపోవడం వేరే లెక్క: పైకి 400, కిందికి పైదాని ఒత్తిడి 200, సొంత బరువు 200.

"మరి బరువుకు జంట ఏది?" అంది. భూమి క్రేటును లాగితే, క్రేటూ భూమిని అంతే బలంతో లాగుతుంది. టెంపో గుంతలో పడి కుదిపినప్పుడు బరువు మారదు, అడుగు నుంచి నెట్టే బలం మాత్రం అమాంతం పెరుగుతుంది. ఆ రెండూ జంటే అయితే ఎప్పుడూ సమానంగా ఉండాలి కదా!

తర్వాత ఒక మాగిన పండునీ ఒక పచ్చికాయనీ ఎదురెదురుగా పెట్టి నొక్కమన్నాను. పండు సొట్టపడి తొక్క చిట్లింది, కాయకు గీత కూడా పడలేదు. "కాయే గట్టిగా నొక్కింది" అంది. లేదమ్మా, బలం రెండింటికీ ఒకటే, తట్టుకునే శక్తే వేరు. రాయిని వేలితో నొక్కితే రాయీ వేలిని నొక్కుతుందని 1687లోనే న్యూటన్ రాశాడు.

అప్పుడు తట్టింది మామా, మా తప్పు ఎక్కడో. అంచు లోపలికి నింపితే పై క్రేటు కింది క్రేటు అంచుల మీద కూర్చుంటుంది, బరువంతా ప్లాస్టిక్ గోడల్లోంచి నేలకు దిగిపోతుంది. కుప్పగా పోస్తే కాయల మీదే కూర్చుంటుంది. నిన్నటి లోడు అంచుకు రెండు వేళ్ల కింద వరకే నింపాం, ఒక్క కాయా నలగలేదు.

వచ్చే ఆదివారం రా. నీ కోసం గడ్డిలో బేనీషా మాగబెట్టాను, ఒక్క వరుసే పేర్చాను.

నీ మామ