నీలం రెగ్జిన్ కింద ఏముందో చూడండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గర పడేసరికి జిల్లా పేజీల్లో జిమ్నాస్టిక్స్ శిబిరాల ప్రకటనలు వరస కట్టాయి. అన్నిట్లోనూ ఒకటే తీరు ఫొటో. కాళ్లు రెండు పక్కలకీ చాచి నేలకు ఆన్చి నవ్వుతున్న ఓ పాప, మెడలో పతకం. ఎక్కడో, ఫీజెంతో, ఏ నంబరుకి ఫోను చెయ్యాలో ఉంటాయి. నేర్పేది ఎవరు, ఒక్కొక్కరి చేతికింద ఎంతమంది పిల్లలు అన్నది నేను చూసినవాటిలో ఒక్కదాంట్లోనూ లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను విజయనగరంలో పరుపుల కొట్టువాణ్ణి. మా నాన్న దూది ఏకేవాడు, నేను ఫోముకి మారాను. ఆటల సంగతి నాకు తెలిసింది తక్కువ. ఫోము సంగతి మాత్రం బొటనవేలితో నొక్కి చెప్పగలను.

మూడేళ్ల కిందట ఒక జిమ్నాస్టిక్స్ క్లబ్బువాళ్లు, పిల్లలు దూకి దిగేచోట పరిచే మ్యాట్లు నాలుగు ఆటోలో వేసుకొచ్చారు. పైన రెగ్జిన్ చిరిగింది, కొత్తది కుట్టమన్నారు. జిప్పు లాగి చూస్తే లోపల ముక్కల ఫోము. పాత తుక్కుని జిగురుతో అదిమి చేసే దిమ్మ అన్నమాట. ముక్కల ఫోము చెడ్డదని అనను, సోఫాలకి నేనూ వేస్తాను. కానీ ఇవి నడిమధ్యన చచ్చిపోయి ఉన్నాయి. వేలు పెట్టి నొక్కితే కిందున్న బల్ల తగిలింది. "లోపలి దిమ్మ కూడా మార్చాలి బాబూ" అన్నాను. "వచ్చే వారం వార్షికోత్సవం తాతగారూ, ఫొటోలో బాగుంటే చాలు, దిమ్మల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు వచ్చిన కుర్రాడు. కుట్టి ఇచ్చేశాను. నీలం రెగ్జిన్, తెల్ల దారం, డబుల్ కుట్టు. డబ్బులూ తీసుకున్నాను.

ఆ మరుసటేడు మా కోడలు మనవరాలిని జిమ్నాస్టిక్స్‌లో చేర్చింది. ఏడేళ్ల పిల్ల, దివాను మీంచి పిల్లిమొగ్గలు వేస్తుంటే ఇంట్లో పట్టలేక. ఏ క్లబ్బని నేను అడగలేదు. మూడో నెలలో బీము మీంచి, అంటే పడకుండా నిలదొక్కుకుని నడిచే సన్నటి పొడుగు దూలం మీంచి, దిగబోయి పిల్ల కాలు మడతపడింది. చీలమండ దగ్గర ఎముక చిట్లింది, మూడు వారాలు పిండికట్టు. ఫోను వస్తే ఆటో మాట్లాడుకుని నేనే పరిగెత్తాను. పిల్లని ఆ మ్యాటు మీదే కూర్చోబెట్టి ఉంచారు. తెల్ల దారం, డబుల్ కుట్టు. నా కుట్టు నాకు తెలీదా?

క్లబ్బు పేరు రాయను. పిల్ల పడిందని కోపం కూడా లేదు. ఈ విద్యలో పడకుండా ఎవరికీ రాదు. పడేచోటు ఎలా ఉందో నేర్పేవాడు చూడలేదు, చేర్చేముందు మేమూ చూడలేదు, చూసినవాణ్ణి నేను నోరు మూసుకున్నాను.

కాలు అతుక్కున్నాక పిల్ల మళ్లీ వెళ్తానని పేచీ. ఈసారి నేనే బయల్దేరాను. మన ఊళ్లో మూడు చోట్లు, విశాఖలో ఒకటి తిరిగాను. ఎక్కడికి వెళ్లినా ముందు చెప్పులు విప్పి మ్యాటు మీద మోకాళ్లమీద కూర్చునేవాణ్ణి. ముసలాయన దండం పెడుతున్నాడేమో అనుకున్నారు.

మ్యాటు ఎంత మెత్తగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. పరుపుల బేరానికి వచ్చేవాళ్లూ ఇదే పొరపాటు చేస్తారు. బాగా మెత్తటి లావు మ్యాటు కొత్త విద్య నేర్చేటప్పుడు వీపుమీద పడటానికి. కాళ్లమీద దిగాల్సినచోట అది వేస్తే పాదం కూరుకుని చీలమండ మెలికపడుతుంది. దిగేచోట పైపొర కాస్త గట్టిగా ఉండి లోపల దెబ్బని తినేయాలి. పెద్ద పోటీల్లో దిగే మ్యాటు మందం 20 సెంటీమీటర్లు. అంత ఖరీదైనవి ఇక్కడ అందరూ కొనలేరు, ఒప్పుకుంటాను. కానీ రెండు మ్యాట్ల మధ్య సందు లేకుండా వెల్‌క్రో పట్టీ వేయడానికి ఎంతవుతుంది? పిల్లల పాదాలు దూరిపోయేది ఆ సందుల్లోనే.

ఇదేమీ పైనుంచి ఊడిపడ్డ శాస్త్రం కాదు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు వ్యాయామశాల నడిపిన ఊరు మనది. గోదాలో మట్టి తవ్వి, జల్లించి, నూనె కలిపి గుల్లగా ఉంచేవారనీ, మట్టి గట్టిపడితే ఆ పూట కుస్తీ పట్టనిచ్చేవారు కాదనీ మా నాన్న చెప్పేవాడు. ఆ మట్టే అప్పటి ఫోము.

ఇక బీము. దాని వెడల్పు 10 సెంటీమీటర్లు, మా టేపులో నాలుగంగుళాలు. పోటీల్లో ఎత్తు 125 సెంటీమీటర్లు, అంటే మా పిల్ల నెత్తి కంటే పైన. కొత్తగా వచ్చినవాళ్లని నేలమీద గీసిన గీత మీద నడిపించి, తర్వాత జానెడెత్తు బీము ఎక్కించాలి. మూడో నెలకే పైకి ఎక్కించారంటే తల్లిదండ్రులకి చూపించుకోడానికే.

ఒకచోట చూసింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. స్ప్లిట్ కోసం, అంటే కాళ్లు రెండూ చాచి నేలకి ఆన్చడం కోసం, ఆరేళ్ల కుర్రాడి భుజాలమీద కోచ్ తన బరువంతా మోపి అదుముతున్నాడు. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. కిటికీ దగ్గర వాళ్లమ్మ నాతో, "ఏడిత్తేగాని వొంగరంట మావయ్యా" అంది. ఎవరు చెప్పారమ్మా? ఎముకలు ఇంకా ఎదిగే వయసు అది. ఒలింపిక్స్‌కే ఆడపిల్లని పదహారేళ్లు వచ్చే సంవత్సరం దాకా పోటీకి రానివ్వరు. ఈ తొందరంతా శిబిరం ముగింపు ఫొటో కోసమా?

మా కొట్టుకి వచ్చే మాస్టారొకరు నాతో వాదించారు. మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్ అగర్తలాలో ఏ సౌకర్యాలున్నాయని ఎదిగింది, 2016 రియో ఒలింపిక్స్‌లో 15.066 మార్కులతో నాలుగో స్థానం, 0.15 తేడాలో కాంస్యం పోయింది, గుర్తులేదా అని. గుర్తుంది. మరుసటేడే ఆవిడకి మోకాలి లిగమెంటు ఆపరేషన్ అయిన సంగతీ గుర్తుంది. ఆవిడ చేసింది ప్రొడునోవా వాల్టు, అంటే పరిగెత్తుకొచ్చి బల్లమీంచి ఎగిరి గాల్లో ముందుకి రెండు పల్టీలు కొట్టి దిగే ప్రమాదకరమైన విద్య, ఏళ్ల తరబడి ఒకే గురువు దగ్గర కష్టపడిన మనిషి. మనం మాట్లాడేది రెండు నెలల శిబిరంలో ఏడేళ్ల పిల్లల గురించి.

కోచ్ చదువు గురించి అడగడానికి మొహమాటపడకండి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) డిప్లొమా ఉన్నవారున్నారు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సువారున్నారు, ఏదీ లేనివారూ ఉన్నారు.

రెండుచోట్ల తల్లిదండ్రులు లోపలికి రాకూడదన్నారు, పిల్లల ధ్యాస చెదురుతుందట. గంటసేపు పిల్ల కనబడని చోట నేను వదలను. ఈ ఆటలో కోచ్ చెయ్యి వెయ్యక తప్పదు, మొగ్గ వేసేటప్పుడు నడుం దగ్గర పట్టుకోకపోతే మెడ విరగొచ్చు. మంచి కోచ్ "ఇక్కడ పట్టుకుంటానమ్మా" అని ముందే చెబుతాడు. అమెరికా జట్టు డాక్టరు లారీ నాసర్ వైద్యం పేరుతో ఏళ్ల తరబడి పిల్లల్ని పాడుచేసిన కేసులో 2018లో కోర్టుకొచ్చి చెప్పినవాళ్లు నూట యాభైమందికి పైనే. కొన్నిసార్లు తల్లులు అదే గదిలో ఉన్నారట. కాబట్టి మనం కిటికీ దగ్గర కూర్చున్నంత మాత్రాన సరిపోదు. ఇంటికొచ్చాక పిల్ల చెప్పేది వినాలి. పిల్లలపై లైంగిక నేరాలకి మనకి పోక్సో చట్టం 2012 నుంచీ ఉంది.

చివరికి మేం చేర్చింది రేకుల షెడ్డులో నడిచే చిన్న క్లబ్బు. గోడమీద ఫొటోలు లేవు. ఇద్దరు నేర్పేవాళ్లు, పదిహేనుమంది పిల్లలు. ట్రాంపొలిన్ మీదకి ఒక్కసారి ఒక్కరే. మొదటి నెలంతా పడటమే నేర్పారు. గడ్డం గుండెకి ఆన్చి, చేతులు వెనక్కి పెట్టకుండా దొర్లడం. "డబ్బులిచ్చి పడటం నేర్పిస్తున్నారా" అని మా అబ్బాయి నవ్వాడు. మనవరాలు ఏడాది తర్వాత కూడా జానెడెత్తు బీము మీదే ఉంది.

సంపాదకులకి ఒక మనవి. శిబిరాల ప్రకటన వేసేటప్పుడు కోచ్ ఏం చదివాడో, ఒక్కరికి ఎందరు పిల్లలో రాసి ఇమ్మని మీరు అడగండి. ఇచ్చినవాళ్లది వెయ్యండి.

మొన్న ఇంకో క్లబ్బునుంచి రెండు మ్యాట్లు వచ్చాయి, పైకవరు కుట్టమని. జిప్పు తీశాను. దిమ్మ మారిస్తేనే కవరు కుడతానన్నాను. కాసేపు బతిమాలి, కట్టకట్టుకుని తీసుకుపోయారు. ఎక్కడ కుట్టించుకున్నారో తెలియదు.

ఇట్లు,
ఓ పరుపుల కొట్టు తాత,
విజయనగరం
(పేరు ప్రచురించవద్దని మనవి)