పిల్లలది ఆత్మహత్య కాదు

సంపాదకులకు నమస్కారం.

‘ఇద్దరు పిల్లలతో కలిసి తల్లి ఆత్మహత్య’ అని పేపర్లో చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. నాలుగేళ్ల పిల్లకు చావాలన్న ఆలోచన ఎక్కడిదండీ? అది హత్య, చట్టం కూడా అలాగే చూస్తుంది, మీరూ అలాగే రాయండి.

నేను దేవరకొండ దగ్గర అంగన్‌వాడీ టీచర్ని. ఒక రోజు ఒకామె పాపను దించి, టిఫిన్ డబ్బా ఇవ్వడం కూడా మర్చిపోయి అలాగే పట్టుకుని నిలబడి, ‘నేను లేకుంటే దీన్నెవరు చూస్తరు మేడం, నాతోనే తీస్కపోత’ అంది. పత్తి పోయింది, అప్పులు, ఇంట్లో తాగుడు. ఏదో బాధలో అందిలే అని వదిలేయబుద్ధి కాలేదు. కూర్చోబెట్టి, వాళ్లమ్మను పిలిపించి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలిమానస్‌కు కలిసే ఫోన్ చేశాం. ఉచితం, రాత్రి పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు.

కాన్పు తర్వాత నిద్రలేక పిచ్చి భయాలు పడుతున్నా, విడిపోతానన్న భార్యను ‘పిల్లల్ని నీకు దక్కనియ్య’ అని భర్త బెదిరిస్తున్నా, అది ఉత్త మాట అనుకోవద్దు, ముందు పిల్లల్ని అమ్మమ్మ ఇంటికో ఇంకెక్కడికో చేర్చి అత్యవసర నంబరు 112కు గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కు గానీ చెప్పాలి. ఇలాంటి వార్త వేసినప్పుడల్లా దాని కిందే ఈ నంబర్లు పెద్ద అక్షరాల్లో వేయండి సార్.

– ఒక అంగన్‌వాడీ టీచర్, నల్గొండ జిల్లా