విరిగిన ‘స్త్రీ’ని అతికించడానికి మూడు వారాలు

సంపాదకులకు నమస్కారం.

చిక్కడపల్లిలో 22 ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. అను ఫాంట్లతో మొదలుపెట్టి యూనికోడ్‌కు (ప్రతి గుర్తుకూ ఒక నంబరిచ్చే పద్ధతి) వచ్చినవాణ్ణి. లాక్‌డౌన్‌లో పని లేక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాను. కోడింగ్ ఎవరైనా నేర్చుకోవచ్చని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. నిజమే. నేర్చుకున్నాక ఎక్కడ చిక్కుపడతామో చెబుదామనే ఈ ఉత్తరం.

నేను వాడే ఓ ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూసి మార్చగలిగే) నోట్స్ యాప్ పైథాన్‌లో రాసిందే. శీర్షిక పొడవైతే 20 యూనికోడ్ గుర్తుల దగ్గర కత్తిరించి చుక్కలు పెడుతుంది. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు గుర్తులు. కత్తెర మధ్యలో పడితే ‘స్త్’ మిగులుతుంది. మా వృత్తిలో ఇలా అచ్చయితే కస్టమర్ డబ్బులివ్వడు! సరిచేద్దామని కోడ్ దించుకున్నాను.

రీడ్‌మీలో (కోడ్‌తో పాటు వచ్చే పరిచయ ఫైల్) ఇన్‌స్టాల్ ఎలా చేయాలో ఉంది, అంతే. ఏ ఫోల్డర్ ఏం చేస్తుందో ఒక్క ముక్క లేదు. ‘టైటిల్’ అని వెతికితే వందల ఫలితాలు. యాప్ నడిపేవాళ్లు తమ పనుల జాబితాలో ఈ పని కొత్తవాళ్లకు సులువని ట్యాగ్ తగిలించారు గానీ ఏ ఫైల్లో చూడాలో రాయలేదు. అత్తాపూర్ వచ్చేవాడికి ఇంటి నంబరు చెబితే ఏం లాభం? ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు చెప్పాలి. మూడు వారాలు తిరిగాక ఆ కత్తెర ‘యుటిల్స్’ అనే ఫైల్లో దొరికింది. మా షాపు అటక మీది డబ్బా గుర్తొచ్చింది, ఎక్కడా ఇమడనివన్నీ అందులోనే పడేస్తాం. తీరా మార్చింది నాలుగు లైన్లు.

అందరూ ఇలా వదిలేయరు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కోడ్‌లో ముఖ్యమైన ఫోల్డర్లలో విడిగా రీడ్‌మీలుంటాయి. ఆప్టిమైజర్ (సమాచారం వెతకడానికి మేలైన దారి ఎంచే భాగం) ఫోల్డర్లోది చూడండి, టేబుళ్లను ఏ వరసలో కలపాలో డేటాబేస్ ఎలా తేల్చుకుంటుందో మాటల్లో వివరించారు. అలా ఎందుకు చేశారన్నది కోడ్ ఎంత చదివినా తెలియదు, రాసినవాళ్లు చెప్పాల్సిందే.

మన ఇంజినీరింగ్ కాలేజీలకో విన్నపం. ఆఖరి ఏడాది పిల్లలు అమీర్‌పేటలో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కునే బదులు (అందరికీ తెలిసిందే, దాచడమెందుకు) ఏదైనా ఓపెన్ సోర్స్ కోడ్‌కు ఇలాంటి దారి చూపే పేజీలు రాస్తే మార్కులివ్వండి. ఎక్కడ అర్థం కాలేదో కొత్తగా వచ్చినవాడికే గుర్తుంటుంది. తెలుగులో రాసినా సరే, నాలాంటివాళ్లం చదువుకుంటాం.

నేనూ ఆ నోట్స్ యాప్‌కు రెండు పేజీలు రాసి పంపాను, చేర్చుకున్నారు. అందులో ఒక ఫైల్ పేరు తప్పు రాశానని మొన్ననే ఎవరో సరిదిద్దారు.

— ఒక డీటీపీ ఆపరేటర్, చిక్కడపల్లి, హైదరాబాద్