జావా ల్యాబులో టెస్టులు గ్రూవీలో రాయించాలి

సంపాదకులకు,

ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల ఇంజనీరింగ్ కాలేజీల జావా ల్యాబుల్లో చాలాచోట్ల విద్యార్థి ప్రోగ్రాం టైపు చేసి, ఒకటి రెండు ఇన్‌పుట్లు ఇచ్చి, వచ్చిన ఔట్‌పుట్‌ను రికార్డులో ఎక్కించి సంతకం చేయించుకుంటే ప్రయోగం పూర్తయినట్టే లెక్క. మిగతా ఇన్‌పుట్లకు ఆ ప్రోగ్రాం ఏం చేస్తుందని అడిగేవారు అరుదు. యూనిట్ టెస్టుల (ప్రోగ్రాంలోని ఒక్కో చిన్న భాగం సరైన ఫలితం ఇస్తోందా అని పరీక్షించే చిన్న ప్రోగ్రాముల) అలవాటు ల్యాబులోనే మొదలుకావాలని, వాటిని జావాలో కాక గ్రూవీ అనే స్క్రిప్టింగ్ భాషలో రాయించాలని నా సూచన.

ఆర్టీసీ బస్సుల్లో 60 ఏళ్లు నిండినవారికి 25 శాతం రాయితీ ఉంది. ఒంగోలు నుంచి నెల్లూరుకు టిక్కెట్టు 200 రూపాయలనుకొని ఛార్జీ లెక్కగట్టే మెథడ్ (ఒక పని చేసే కోడ్ భాగం) రాయమంటే, '60 కంటే ఎక్కువ' అని షరతు పెట్టేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. 45, 70 ఇచ్చి చూసినంతసేపూ ఆ తప్పు బయటపడదు. గ్రూవీలో స్పాక్ అనే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసే టెస్టుల్లో వయసు ఒక గడిలో, రావలసిన ఛార్జీ పక్క గడిలో పెట్టి, 59కి 200, 60కి 150, 61కి 150 అని మూడు వరుసల పట్టిక వేస్తే సరిపోతుంది. రెండో వరుస దగ్గర టెస్టు విఫలమై, రావలసింది 150, వచ్చింది 200 అని కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది.

జావా టెస్టులకు వాడే జేయూనిట్ 5 ఫ్రేమ్‌వర్క్‌తో జావాలోనూ ఇది సాధ్యమే, కాదనను. అయితే అక్కడ టెస్టు చుట్టూ రాయవలసిన తతంగం ఎక్కువ. రెండో ఏడాది విద్యార్థి దానితోనే అలసిపోతాడు. 2003లో మొదలై 2015 నుంచి అపాచీ ప్రాజెక్టుగా ఉన్న గ్రూవీ కూడా జావా బైట్‌కోడ్‌గానే మారి జావా ప్రోగ్రాములను నడిపే అదే జేవీఎం (జావా వర్చువల్ మెషీన్) మీద నడుస్తుంది కాబట్టి, విద్యార్థి రాసిన జావా క్లాసును ఉన్నదున్నట్టు పిలుచుకోవచ్చు.

మెథడ్ పేరు తప్పు రాస్తే గ్రూవీ సాధారణంగా కంపైల్ దశలో, అంటే ప్రోగ్రాం నడవకముందే, పట్టుకోదని కొందరు అధ్యాపకులు అభ్యంతరం చెబుతారు. టెస్టు అనేది ఎలాగూ నడపడానికే రాస్తాం, నడిపిన మరుక్షణం ఆ తప్పు దొరుకుతుంది. నన్ను ఆలోచింపజేసేది వేరే ఉంది: రెండు స్ట్రింగుల మధ్య జంట సమాన గుర్తు (==) పెడితే గ్రూవీ వాటిలోని అక్షరాలను పోలుస్తుంది, జావా మాత్రం రెండూ ఒకే ఆబ్జెక్టా కాదా అన్నదే చూస్తుంది. ఈ తేడాను మొదటి తరగతిలోనే బోర్డు మీద రాసి చూపకపోతే విద్యార్థులు తికమకపడటం ఖాయం.

ఇందుకు కొత్త సబ్జెక్టు అక్కరలేదు. అనంతపురం, కాకినాడ జేఎన్‌టీయూల పాఠ్య ప్రణాళిక మండళ్లు, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు ఇప్పుడున్న ప్రయోగాల్లోనే నాలుగైదింటికి, రికార్డులో ఔట్‌పుట్‌తో పాటు టెస్టు పట్టిక కూడా ఉంటేనే సంతకం పెట్టాలని నిబంధన చేయాలని కోరుతున్నాను.

– ఒక జావా అధ్యాపకుడు, ఒంగోలు