పాత బుల్లెట్ మైకులు: ఇకపై క్రిస్టల్‌కి గ్యారంటీ లేదు

అందరికీ నమస్కారం. బుల్లెట్ మైకు, అంటే మౌత్ ఆర్గాన్ వాళ్లు గుప్పిట్లో పట్టుకునే తూటా ఆకారపు పాత మైకు, రిపేరుకి ఇచ్చి ఎదురుచూస్తున్నవాళ్లకీ, కొనాలని అడుగుతున్నవాళ్లకీ కలిపి చెబుతున్నాను. చచ్చిపోయిన క్రిస్టల్ కార్ట్రిడ్జ్‌ని, అంటే లోపల శబ్దాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాన్ని, బతికిస్తానని ఇకపై ఎవరికీ మాట ఇవ్వను. పనిచేస్తున్న క్రిస్టల్ ఉంటే మైకు శుభ్రం చేసి, వైరింగ్ మార్చి ఇస్తాను. అది ఏడాది ఉంటుందా, వచ్చే వానాకాలానికే పోతుందా అన్నది మాత్రం నా చేతుల్లో లేదు.

ఆస్టాటిక్ కంపెనీ జేటీ-30 లాంటి మైకుల్లో ఉండే క్రిస్టల్ రోషెల్ సాల్ట్, అంటే సోడియం పొటాషియం టార్ట్రేట్ అనే ఉప్పు. మన గొంతుకి డయాఫ్రమ్ అనే పల్చటి అల్యూమినియం పొర కదిలి ఆ ఉప్పు పలకని వంచుతుంది, వంగినప్పుడల్లా దాంట్లో కొద్దిగా వోల్టేజ్ పుడుతుంది. తక్కువ ఖర్చులో గట్టి సిగ్నల్ వస్తుంది కాబట్టి ఒకప్పుడు అమెరికాలో మైక్ సెట్లకీ, సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల హామ్ రేడియోలకీ వీటిని తెగ వాడారు. షికాగో బ్లూస్ అనే సంగీతం వాయించేవాళ్లు ఇలాంటి చౌక మైకుల్నే మౌత్ ఆర్గాన్‌తో కలిపి గుప్పిట్లో బిగించి, ఆంప్లిఫయర్‌ని అరిపించి ఆ మొరటు శబ్దాన్ని తెచ్చారు.

ఇబ్బంది ఏమిటంటే, తేమ మరీ ఎక్కువైతే ఈ ఉప్పు కరిగిపోతుంది. మరీ పొడిగా ఉంటే తనలో ఉన్న నీళ్లు పోయి పిండిలా రాలుతుంది. అందుకే సిలికా జెల్ పొట్లాలు కుక్కి డబ్బా మూసెయ్యకండి. వేడి 55 డిగ్రీలు దాటినా ప్రమాదమే, మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలేస్తే ఇక చూసుకోనక్కర్లేదు. పైగా మౌత్ ఆర్గాన్ వాయించేవాళ్ల తడి ఊపిరి నేరుగా దాని మీదికే పోతుంది. విశాఖ, కాకినాడ వైపు నుంచి వచ్చే మైకులు విప్పేటప్పుడు నేను పెద్దగా ఆశ పెట్టుకోను.

కాబట్టి క్రిస్టల్ పోయిన వాటిలో అయస్కాంతం, కాయిల్‌తో పనిచేసే పాత కార్ట్రిడ్జ్ వేస్తున్నాను. 1949లో వచ్చిన షూర్ 520 గ్రీన్ బుల్లెట్ అనే మైకులో వాడిన రకం ఇది. తేమని బాగా తట్టుకుంటుంది. శబ్దం లావుగా, గుండ్రంగా ఉంటుంది, క్రిస్టల్‌కి ఉండే ఆ కరుకు కొంత తగ్గుతుంది. అసలు జేటీ-30 శబ్దమే కావాలనేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు, ముందే వినిపించి మీరు సరేనంటేనే బిగిస్తాను. ఈ కార్ట్రిడ్జ్‌లు కూడా ఇప్పుడు తయారు కావడం లేదు, ధర పెరుగుతూనే ఉంది. దానికి నేను కొన్న బిల్లు మీకు చూపిస్తాను, నా పని చార్జీ వేరుగా 1,800 రూపాయలు. పెయింట్ గీతలు మాత్రం ముట్టుకోను. కొత్తగా మెరిపించాలంటే వేరే చోట చేయించుకోండి, నాకు మనసొప్పదు.

చాలామంది శ్రద్ధ పెట్టని భాగం రబ్బరు గాస్కెట్. కార్ట్రిడ్జ్ చుట్టూ ఉండే ఆ రబ్బరు ఏళ్ల తరబడి గట్టిపడి రాయిలా అయిపోతుంది. గాలి లీకైతే గుప్పిట ఎంత బిగించినా బలం రాదు. ప్రతి మైకుకీ దీన్ని కొత్తగా కోసి వేస్తున్నాను, ఆలస్యంలో సగం దీనివల్లే.

ఇంటికి తీసుకెళ్లాక "శబ్దం సన్నగా కీచుమంటోంది" అని ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) మామూలు మైకు ఇన్‌పుట్‌కి కలిపినవాళ్లే. ఆ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి అది చూపే అడ్డు, కొన్ని కిలో ఓమ్‌లే ఉంటుంది. క్రిస్టల్ ఒక చిన్న కెపాసిటర్ లాంటిది, దానికి కనీసం 1 మెగా ఓమ్ కావాలి, లేకపోతే బేస్ అంతా పోతుంది. గిటార్ కోసం ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ వాడండి. అయస్కాంతం రకానికీ అదే, కానీ కేబుల్ పొడవు పెరిగితే దాంట్లో పై స్వరాలు మొద్దుబారతాయి. ఇంటర్‌ఫేస్ నుంచి మైకుకి కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ దేనికీ వద్దు.

పాట మొత్తం దీంతోనే రికార్డు చేద్దామనుకునేవాళ్లకి నేను వద్దనే చెబుతున్నాను. గొంతు పాత రేడియోలో విన్నట్టు వస్తుంది, ఒక చరణానికి, ఒక హమ్మింగ్‌కి ముచ్చటగా ఉంటుంది. పక్కనే ఒక మామూలు మైకు పెట్టి రెండూ రికార్డు చేసుకుంటే తర్వాత ఎంత కావాలంటే అంత కలుపుకోవచ్చు.

ఇంకొకటి, ఇది సరదా కాదు. మైకు ఒంటి లోహం ఎర్త్ వైరుకే కలిసి ఉంటుంది, మౌత్ ఆర్గాన్ పెదాలకి తగులుతుంది. రెండు పిన్నుల ప్లగ్గుతో ఉన్న పాత వాల్వ్ ఆంప్లిఫయర్‌కి ఇది కలిపితే ప్రాణం మీదికి రావచ్చు. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉన్నాయని ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోకుండా వాయించకండి.

ఇప్పటికే క్రిస్టల్ కోసం అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకి రెండు దారులున్నాయి. అయస్కాంతం కార్ట్రిడ్జ్‌కి ఒప్పుకోవచ్చు, లేదా డబ్బు పూర్తిగా వెనక్కి తీసుకుని మైకు పట్టుకెళ్లవచ్చు. ఏది కావాలో ఈ నెలాఖరులోపు ఫోన్ చేసి చెప్పండి. మధ్యాహ్నం పూట సోల్డరింగ్‌లో ఉంటాను కాబట్టి సాయంత్రం అయితే మంచిది.